సగటు కట్టే ముందు బొమ్మ గీయండి: దత్తాంశ విభాజనాన్ని చదివే పద్ధతి

దత్తాంశం చేతికి రాగానే చాలామంది విద్యార్థులు అన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో అంతతో భాగించేస్తారు. సగటు వస్తుంది, కానీ అది దేని గురించి చెబుతోందో తెలియదు. విలువలు ఎక్కడ గుమిగూడాయి, ఎటు సాగాయి, ఏవి విడిగా పడ్డాయి అన్నది ముందు చూస్తేనే ఏ కొలత వాడాలో తేలుతుంది. ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే ఈ అమరికనే విభాజనం అంటాం.

ఒక పజిల్ పూర్తి చేయడానికి 20 మందికి పట్టిన సమయం, నిమిషాల్లో, ఇలా ఉందనుకుందాం. ఇక్కడి లెక్కలన్నీ దీని మీదే. పెన్సిల్ పట్టుకుని వెంట వేసుకుంటూ చదవండి.

4, 5, 5, 6, 6, 6, 7, 7, 7, 7, 8, 8, 9, 9, 10, 11, 12, 14, 18, 31

తరగతులు, హిస్టోగ్రామ్

వ్యాప్తి 31 − 4 = 27. విలువల్ని ఎన్ని తరగతులుగా (వరుస ముక్కలుగా) విడదీయాలో తేల్చుకోవడానికి అంశాల సంఖ్యకు వర్గమూలం తీయడం ఒక మోటు లెక్క. 20కి అది దాదాపు 4.5. ఇక్కడ 5 నుంచి 7 తరగతులు చాలు. తరగతి పొడవు 4 తీసుకుంటే పౌనఃపున్యాలు, అంటే ఒక్కో తరగతిలో పడిన విలువల సంఖ్యలు, ఇలా వస్తాయి:

4–8: 10
8–12: 6
12–16: 2
16–20: 1
20–24: 0
24–28: 0
28–32: 1

హద్దు మీద పడిన 8 ఏ తరగతిలోకి వెళ్తుంది? ఇక్కడ పై హద్దును కలుపుకోలేదు కాబట్టి రెండో తరగతిలోకి. ఏ నియమం పెట్టుకున్నా చివరిదాకా అదే పాటించాలి. పౌనఃపున్యాలు కూడితే 20 రాకపోతే తప్పు చాలావరకు ఈ హద్దుల దగ్గరే ఉంటుంది. సున్నా ఉన్న తరగతుల్ని వదిలేయకండి. ఆ ఖాళీ వల్లే 31 ఎంత దూరంగా ఉందో కంటికి కనిపిస్తుంది.

ఒక్కో తరగతి మీద ఒక్కో కమ్మీ నిలిపి గీసే బొమ్మే హిస్టోగ్రామ్. తరగతి పొడవు మారిస్తే బొమ్మా మారుతుంది. సున్నా నుంచి మొదలుపెట్టి 15 చొప్పున తీసుకుంటే 18, 1, 1 వచ్చి ఆకారమంతా మొదటి కమ్మీలో కలిసిపోతుంది. పొడవు 1 పెడితే అంతా ఎగుడుదిగుడుగా, సందులతో నిండిపోతుంది. రెండు మూడు పొడవులతో గీసి చూసి, అన్నిటిలోనూ నిలిచిన లక్షణాన్నే నమ్మండి.

హిస్టోగ్రామ్‌లో పక్కపక్క కమ్మీల మధ్య సందు ఉండదు. తరగతులు 1–10, 11–20 అని ఇస్తే ముందు 0.5–10.5, 10.5–20.5 గా మార్చుకుని గీయాలి. పొడవులు సమానంగా లేనప్పుడు ఇంకో చిక్కు ఉంది. మన పట్టికలో చివరి నాలుగు తరగతుల్ని కలిపి 16–32 చేశామనుకోండి. పౌనఃపున్యం 2. 12–16 కీ 2 ఉంది కదా అని రెండిటికీ ఒకే ఎత్తు ఇస్తే, కొత్త కమ్మీ వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. కన్ను చదివేది వైశాల్యాన్నే కాబట్టి అక్కడ నాలుగు రెట్ల మంది ఉన్నట్టు తోస్తుంది. అందుకే ఎత్తుగా పౌనఃపున్యాన్ని కాక, దాన్ని తరగతి పొడవుతో భాగించగా వచ్చినదాన్ని వేయాలి: 12–16 కి 0.5, 16–32 కి 0.125.

ఆకారం

మన బొమ్మలో ఎడమవైపు గుంపు, కుడివైపు పొడవాటి తోక. దీన్ని కుడికి సాగిన విభాజనం అంటాం. పేరు తోకను బట్టి వస్తుంది, గుంపును బట్టి కాదు. పరీక్షల్లో ఎక్కువమంది తిరగేసి రాసేది దీన్నే. ఏదైనా పనికి పట్టే సమయానికి ఈ ఆకారం రావడం మామూలే. సున్నా కంటే తక్కువకు పోవడానికి వీల్లేదు, ఆలస్యానికి మాత్రం హద్దు లేదు.

రెండు శిఖరాలు కనిపిస్తే రెండు రకాల అంశాలు కలిసిపోయాయేమో చూడండి. అమెరికాలోని యెల్లోస్టోన్‌లో ఉన్న ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ దీనికి పేరుపడ్డ ఉదాహరణ. దాని చిమ్ముళ్లు కొన్ని 2 నిమిషాల దగ్గర, ఎక్కువ భాగం 4 నిమిషాలు దాటి గుమిగూడతాయి. గణాంక పాఠాల్లో తరచూ వాడే 272 చిమ్ముళ్ల దత్తాంశంలో సగటు దాదాపు 3.5 నిమిషాలు. కానీ అంతసేపు చిమ్మడమే అరుదు. ఇలాంటి చోట ఒక్క సగటు ఇవ్వడం కంటే గుంపుల్ని విడదీసి రెండు సగటులు ఇవ్వడమే నయం. అలాగని రెండు గుంపులు కలిసిన ప్రతిచోటా రెండు శిఖరాలు రావు. ఒకే ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంతగా చెదిరాయో చెప్పే కొలత) ఉన్న రెండు సామాన్య (గంట ఆకారపు) విభాజనాల్ని సమపాళ్లలో కలిపితే, వాటి సగటుల మధ్య దూరం ఆ విచలనానికి రెండు రెట్లు దాటినప్పుడే శిఖరం రెండుగా చీలుతుంది.

మధ్య ఎక్కడ, విస్తరణ ఎంత

మొత్తం 190, సగటు 9.5. వరుసలో నడిమి విలువను మధ్యగతం అంటాం. ఇక్కడ అది 10వ, 11వ విలువల మధ్య, అంటే 7.5. ఎక్కువసార్లు వచ్చిన విలువ, అంటే బాహుళకం, 7. సగటు కంటే తక్కువ సమయంలో ముగించినవాళ్లు 20 మందిలో 14 మంది. అలాంటప్పుడు 9.5ను ‘మామూలుగా పట్టే సమయం’ అనలేం.

ఇప్పుడు 31 అన్నది 13కు బదులు తారుమారై పడిందనుకోండి. సరిదిద్దితే సగటు 8.6కి దిగుతుంది. ప్రామాణిక విచలనం 5.92 నుంచి 3.43కి పడిపోతుంది. మధ్యగతం మాత్రం 7.5 దగ్గరే ఉంటుంది. విభాజనం ఒకవైపు సాగినప్పుడు మధ్యగతాన్నీ చతుర్థాంశాలనీ (వరుసను నాలుగు సమభాగాలు చేసే విలువల్ని) వాడమనడానికి కారణం ఇదే. రెండు వైపులా సమంగా ఉంటే సగటు, ప్రామాణిక విచలనం వాడండి.

చతుర్థాంశాలు: కింది పది విలువల మధ్యగతం 6, పై పదింటి మధ్యగతం 10.5, తేడా 4.5. విడి విలువల్ని పట్టడానికి గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ పెట్టిన నియమం ప్రకారం ఆ తేడాను 1.5తో గుణిస్తే 6.75. పై గీత 10.5 + 6.75 = 17.25, కింది గీత 6 − 6.75 = −0.75. కాబట్టి 18, 31 రెండూ విడి విలువలే. చతుర్థాంశాల మధ్య పెట్టె, దాని రెండు వైపులా మీసాల్లాంటి రేఖలు ఉండే బొమ్మను బాక్స్ ప్లాట్ అంటాం. అందులో కుడి మీసం 17.25 దాకా కాదు, గీత లోపలున్న ఆఖరి విలువ 14 దాకానే గీయాలి. 18, 31 చుక్కలుగా పెట్టాలి. విడి విలువ అని తేలినంత మాత్రాన కొట్టేయకూడదు. నమోదులో తప్పని రుజువైతేనే తీయాలి.

చేతి లెక్కకూ కంప్యూటర్‌కూ తేడా వస్తే కంగారు పడొద్దు. స్ప్రెడ్‌షీట్లలో మామూలుగా వాడే పద్ధతి మూడో చతుర్థాంశాన్ని 10.25 అంటుంది. ప్రామాణిక విచలనానికి 20తో భాగిస్తే 5.92, నమూనా అనుకుని 19తో భాగిస్తే 6.07. ఏ పద్ధతి వాడారో రాస్తే చాలు.

68–95–99.7 ఎప్పుడు పనికిరాదు

గంట ఆకారం ఉన్న సామాన్య విభాజనంలో సగటుకు ఒక ప్రామాణిక విచలనం లోపల 68 శాతం, రెండిటి లోపల 95, మూడిటి లోపల 99.7 శాతం విలువలు ఉంటాయి. దీన్ని మన దత్తాంశానికి పెట్టి చూడండి. 9.5 ± 5.92 అంటే 3.58 నుంచి 15.42. ఇందులో 18 మంది ఉన్నారు, అంటే 90 శాతం. రెండు విచలనాలు కిందికి పోతే −2.34 నిమిషాలు, అసలు వీలుకాని సమయం. రుణాత్మకం కాలేని రాశికి ఇలా సున్నా కంటే కింది విలువ వచ్చిందంటే ఆ నియమాన్ని అక్కడితో ఆపేయాలి.

రెండు విభాజనాల్ని పోల్చే జవాబు

రెండో బృందానికి మధ్యగతం 9, చతుర్థాంశాల మధ్య తేడా 3, విభాజనం రెండు వైపులా దాదాపు సమం అని ఇచ్చారనుకోండి. అంకెల్ని పక్కపక్కన రాసి వదిలేస్తే మార్కులు పోతాయి. పోలిక చెప్పే మాట, యూనిట్, సందర్భం మూడూ ఉండాలి. ఇలా రాయవచ్చు: ‘మొదటి బృందం మధ్యగతం 7.5 నిమిషాలు, రెండోదాని 9 కంటే తక్కువ. అంటే వాళ్లు సాధారణంగా పజిల్‌ను త్వరగా ముగించారు. అయితే వాళ్ల సమయాల్లో తేడాలు ఎక్కువ (4.5, రెండోదానికి 3). విభాజనం కుడికి సాగింది, 18, 31 నిమిషాలు విడి విలువలు.’ దీనికి తోడుగా బాక్స్ ప్లాట్లు గీస్తే రెండిటినీ ఒకే స్కేలు మీద, ఒకదాని కింద ఒకటి పెట్టండి. బాక్స్ ప్లాట్‌లో రెండు శిఖరాలు కనిపించవు కాబట్టి ఆకారం గురించి రాసే ముందు హిస్టోగ్రామ్ కూడా చూడండి.