సిమ్స్ 4లో ఎడారి ఇల్లు: ముందు నీడ, తరువాత గోడ

సిమ్‌లు అనే బొమ్మ మనుషులకు ఇళ్లు కట్టి, వారి జీవితాన్ని నడిపించే కంప్యూటర్ ఆట సిమ్స్ 4లో ఎడారి ప్రాంతమైన ఒయాసిస్ స్ప్రింగ్స్‌లో ఇల్లు కట్టేవారిలో చాలామంది ముందు గదులు గీసి, వాటిని సోఫాలతో మంచాలతో నింపి, డబ్బు మిగిలితే అప్పుడు కప్పు సంగతి చూస్తారు. 1950ల నాటి అమెరికా ఎడారి ఇంటి పద్ధతిలో కట్టదలచినవారు ఈ వరుసను తిరగవేయాలి. ఆ ఇళ్లలో ముందు పుట్టేది కప్పు, దాని వెంట నీడ; గోడలూ సామానూ ఆ తరువాత వస్తాయి.

ఈ శైలికి పుట్టిల్లు వంటిది కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్. అక్కడ 1946లో వాస్తుశిల్పి రిచర్డ్ న్యూట్రా రూపొందించిన కౌఫ్‌మన్ ఇల్లు నేలను అంటిపెట్టుకొని నాలుగు దిక్కులకూ చేతులు చాచినట్లుంటుంది. సామాన్య కుటుంబాల కోసం 1950లలో మరో వాస్తుశిల్పి విలియం క్రిసెల్ గీసిన ఇళ్లలోనైతే లోపలి నమూనా దాదాపు ఒకటే. ఇంటిని తిప్పి నిలిపిన దిక్కూ, కప్పు ఆకారమూ మారడం వల్లనే వీధిలో ఏ రెండిళ్లూ ఒకేలా కనబడవు. మనం అనుసరించవలసింది ఈ రెండవ దారిని.

ఒంగోలు, నెల్లూరు పాత కాలనీలలో పెరిగినవారికి ఈ ఇంటి భాష కొత్తదేమీ కాదు. గోడ పైభాగాన వెంటిలేటర్లు, వరండాకు సిమెంటు జాలీ, కిటికీ మీద సన్‌షేడ్, ముందు పోర్టికో, లోపల మొజాయిక్ గచ్చు మన పెద్దల ఇళ్లలోనూ ఉండేవి. ఎండ ఒకటే కనుక జవాబులూ దగ్గరగానే ఉన్నాయి.

నలుగురు సభ్యుల కుటుంబానికి ఆట మొదట ఇచ్చేది 26,000 సిమోలియన్లు (ఆటలోని డబ్బు). 30×20 గడుల స్థలం తీసుకొని, అందులో సగానికి మించకుండా ఇల్లు కట్టడం మేలు. బడ్జెట్ బాధ లేకుండా సాధన చేయదలచినవారు కంట్రోల్, షిఫ్ట్, సి మీటలు కలిపి నొక్కి, తెరుచుకున్న పెట్టెలో మదర్‌లోడ్ (motherlode) అన్న చీట్‌ను, అంటే దొడ్డిదారి మాటను, ఇంగ్లీషులో టైప్ చేస్తే ప్రతిసారీ 50,000 వస్తాయి. అయితే మొదటి ఇంటిని ఉన్న డబ్బులోనే కట్టమని నా సలహా, ఎందుకంటే పొదుపుగా ఉండటమే ఆ ఇళ్ల అందానికి సగం కారణం.

వీధి వెంట పొడవుగా, ఒకే అంతస్తుగా దీర్ఘచతురస్రం గీసి, దాని వెనుక వైపు మధ్యలో నాలుగు గడుల వెడల్పున చిన్న ముంగిలి వదలాలి. ఒక పక్క పడకగదులూ, మరో పక్క వంటగది, భోజనాల చోటు, హాలు అడ్డుగోడలు లేకుండా కలిసీ రావాలి. గోడ ఎత్తును మధ్యస్థంగా పెట్టుకుంటే కప్పు కింద సన్నని వెంటిలేటరు కిటికీలను వరుసగా అమర్చుకునే చోటు దొరుకుతుంది. వీధి వైపు ఇవి చాలు. పెద్ద అద్దాలన్నీ ముంగిలి వైపే తెరుచుకోవాలి. బయటివారికి మూసినట్టూ ఇంటివారికి తెరిచినట్టూ కనబడటం ఈ ఇళ్లలోని అసలు కిటుకు.

కప్పు దగ్గర తొందర పనికిరాదు. ఒకే వైపుకు వాలే కప్పులను రెండు తీసుకొని, పల్లపు అంచులు మధ్యలో కలిసేలా పెడితే రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారం వస్తుంది. మండువా ఇంటి కప్పులాగానే ఇదీ లోపలికే వాలుతుంది. వాలును బాగా తగ్గించి, చూరును గోడ దాటి బయటకు లాగాలి. షిఫ్ట్ మీట పట్టుకుంటే ఒక్కో వైపు చూరును విడిగా లాగవచ్చు. అద్దాలున్న వైపు చూరు ఎక్కువగా, పక్కలకు తక్కువగా ఉండనివ్వండి. ఆ చూరు కింద సన్నని స్తంభాలు నిలిపితే పోర్టికో సిద్ధమవుతుంది. (ఈ కప్పును చూసి ముచ్చటపడి నెల్లూరులో నిజంగా కట్టించుకోవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు కురిసే వానకు ఆ నడిమి పల్లం చెరువవుతుంది. పామ్ స్ప్రింగ్స్‌లో ఏడాదంతా కురిసేది అందులో చిన్న భాగమే.)

కప్పు పూర్తయ్యాక బిల్డ్ మోడ్‌లోనే, అంటే ఇల్లు కట్టే తెరలోనే, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెలుగులను మార్చి మార్చి చూడండి. నీడ ఎక్కడ చాలకపోతే అక్కడ జాలీ గోడను పోలిన కంచెను నిలపండి. ఎండావానలను తెచ్చే సీజన్స్ అనే అదనపు ప్యాక్ లేని ఆటలో ఈ నీడ కంటికి మాత్రమే. అది ఉన్న ఆటలో ఎండదెబ్బ సిమ్ ప్రాణానికే ముప్పు.

రంగుల విషయంలో గోడలకు ఇసుక రంగో తెలుపో వేసి, వీధి తలుపు ఒక్కదానికే నారింజనో నీలి ఆకుపచ్చనో ఇవ్వాలి. లోపల సామాను సన్నకాళ్లతో, పొట్టిగా, టేకును తలపించే రంగులో ఉండాలి. భోజనాల కుర్చీ వెనుక ఒక గడి ఖాళీ లేకపోతే సిమ్‌లు కూర్చోలేక చేతులూపుతూ నిలబడతారు కనుక, అందం కోసం ఆ గడిని త్యాగం చేయకండి.

తోటలో పచ్చిక పరచడం పెద్ద పొరపాటు. ఇసుక, గులకరాళ్లు, రెండు మూడు బండలు వేసి, జెముడు మొక్కలనూ, మన చేల గట్ల మీది కిత్తనారను పోలిన మొక్కలనూ దూరదూరంగా నాటితే చాలు. ఈత కొలను పెట్టేటట్లయితే ముంగిలికి ఎదురుగా, పడకగది అద్దంలోంచి కనబడేలా దీర్ఘచతురస్రంగా తవ్వండి. పోర్టికోలో పెట్టడానికి ఆట నడిపే కారును ఇవ్వదు కనుక, అక్కడ ఒక పొడవాటి బెంచీ వేస్తే సాయంత్రానికి కుటుంబమంతా అక్కడికే చేరుతుంది.