ఇంట్లో వైన్ రుచి చూడడం, ఆ రుచిని రాసుకోవడం

వైన్ మీద ఇష్టం ఏర్పడినవారిలో చాలామంది మొదట్లో ఉత్సాహంగా ఒక నోటుపుస్తకం తెరిచి, నాలుగైదు సీసాల తరువాత దాన్ని పక్కన పడేస్తారు. ప్రతి పేజీలోనూ 'బాగుంది', 'మృదువుగా ఉంది', 'పండ్ల వాసన వస్తోంది' అన్న మాటలే ఉంటే, ఆరు నెలలు గడిచాక ఏ పేజీ ఏ సీసాదో రాసినవారికే గుర్తుండదు. రుచి గురించి రాసుకునే నాలుగు వాక్యాలకు ఉండవలసిన ప్రయోజనం ఒక్కటే: అదే వైన్‌ను మరొకనాడు ఎవరైనా గ్లాసులో పోసి ఇస్తే, సీసా చూడకుండానే ఇది ఫలానాదని పోల్చుకోగలగాలి. కింద చెప్పే పద్ధతి అంతా ఆ ప్రయోజనం కోసం ఉద్దేశించినదే. దీనికి ఖరీదైన సీసాలు అక్కరలేదు. ద్రాక్ష రకం పేరు లేబుల్ మీద స్పష్టంగా ఉండి, మామూలు ధరకు మళ్లీ మళ్లీ దొరికే వైన్లే అభ్యాసానికి మేలు.

ముందుగా వేళను ఎంచుకోవాలి. ఆకలి మొదలవుతున్న సమయంలో, భోజనానికి కనీసం అరగంట ముందు, నాలుక చురుకుగా ఉంటుంది. పళ్లు తోముకున్న వెంటనే గాని, కాఫీ తాగిన వెంటనే గాని రుచి చూడడం వృథా. ఇంటి వాసనలు అంతకంటే పెద్ద అడ్డంకి. వంటింట్లో ఇంగువ తిరగమోత పడ్డాక ఎంత మంచి వైన్ అయినా ఆ పూటకు ఓడిపోయినట్టే. దేవుడి గదిలో అగరువత్తి వెలుగుతున్నా అంతే కనుక, వంటకు ముందో, కిటికీలు తీసి గాలి ఆడాకనో కూర్చోవాలి.

గ్లాసు విషయంలో ఆడంబరం అవసరం లేదు గాని, ఆకారం మాత్రం ముఖ్యం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1977లో 3591 సంఖ్యతో ఇచ్చిన ప్రమాణం ప్రకారం రుచి చూసే గ్లాసు దాదాపు 215 మిల్లీలీటర్లు పడుతుంది, అందులో పోయవలసింది 50 మిల్లీలీటర్లు మాత్రమే. అడుగు వెడల్పుగా, మూతి సన్నగా ఉండడం వల్ల మిగిలిన ఖాళీలో వాసన నిలిచి ఉంటుంది. స్టీలు గ్లాసు గాని, నిలువు గోడల నీళ్ల గ్లాసు గాని ఈ పని చేయలేవు. సబ్బు వాసన మిగలకుండా గ్లాసును వట్టి నీళ్లతో మరోసారి కడిగి, మొదట కొద్దిగా వైన్ పోసి తిప్పి పారబోస్తే ఇంకా మంచిది.

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న సలహా చలిదేశాల గదులను దృష్టిలో పెట్టుకుని పుట్టినది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో దాన్ని పాటిస్తే, గ్లాసులోంచి ఆల్కహాల్ ఘాటు తప్ప మరేమీ ముక్కుకు తగలదు. బరువైన రెడ్ వైన్ 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య, తేలికైన వైట్ వైన్ 7 నుంచి 10 డిగ్రీల మధ్య బాగుంటాయి. అంటే మన వేసవిలో రెడ్ సీసాను తెరిచే ముందు గంటకు పైగా ఫ్రిజ్‌లో ఉంచాలి. వైట్ సీసాను మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసిన పది పదిహేను నిమిషాలకు పోయాలి, మరీ చల్లగా ఉంటే వాసన బయటికి రాదు. ధర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు, కాని ప్రతిసారీ ఒకే విధంగా చేయాలి. ఒకనాడు చల్లగా, మరొకనాడు వేడిగా రుచి చూసిన వైన్లను పోల్చడంలో అర్థం లేదు.

రంగు చూడడానికి తెల్ల కాగితం మీద గ్లాసును వంచి, అంచును గమనిస్తే చాలు. రెడ్ వైన్ పాతబడేకొద్దీ ఊదారంగు తగ్గి ఇటుకరంగు వస్తుంది, వైట్ వైన్ బంగారురంగుకు తిరుగుతుంది. గ్లాసు గోడ మీద జారే ధారలను చూసి నాణ్యతను అంచనా కట్టేవారున్నారు. ఆ ధారలు ప్రధానంగా ఆల్కహాల్ ఆవిరయ్యే తీరు వల్ల ఏర్పడేవి కనుక వాటి గురించి రాసుకోనవసరం లేదు.

అసలు పని వాసన దగ్గర మొదలవుతుంది. గ్లాసును కదపకుండా ఒకసారి, గుండ్రంగా తిప్పి మరోసారి వాసన చూడాలి. దీర్ఘంగా పీల్చడం కంటే రెండు చిన్న పీల్పులు తీసి ఆగడం మంచిది, ఎందుకంటే ముక్కు త్వరగా అలసిపోతుంది. తోచిన మొదటి మాటను వెంటనే రాసి, ఆ తరువాతే వివరాల్లోకి వెళ్లాలి. పండు వాసన అనిపిస్తే అక్కడితో ఆగకుండా ఏ పండు, పచ్చిదా, మగ్గినదా, ఎండినదా, జామ్‌లా ఉడికినదా అని ప్రశ్నించుకోవాలి. పచ్చి పండు వాసన చల్లని ప్రాంతాన్నో తొందరగా కోసిన ద్రాక్షనో సూచిస్తుంది. ఉడికిన పండు వాసన వేడి ప్రాంతం వైపు చూపుతుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకు చెందిన ఆన్ నోబుల్ 1980లలో వైన్ వాసనలన్నిటినీ ఒక చక్రం ఆకారంలో అమర్చారు. ప్రపంచమంతటా విద్యార్థులు నేటికీ దాన్ని వాడుతున్నారు. అందులోని విభజన మనకు ఎంతో ఉపయోగపడుతుంది గాని, బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ వంటి పండ్ల పేర్లను వాటిని ఎన్నడూ తినకుండా ఎత్తి రాసుకోవడం వల్ల లాభం లేదు. మీరు ముక్కుతో ఎరిగిన వాసనలనే రాయాలన్నది నా గట్టి అభిప్రాయం. ఇందుకు మన పోపుల డబ్బా ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోదు.

షిరాజ్ అనే ద్రాక్షతో చేసే రెడ్ వైన్‌లో మిరియాల ఘాటు ఉందని అంటారు. దానికి కారణమైన రొటుండోన్ అనే పదార్థాన్ని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గుర్తించి 2008లో ప్రకటించారు. మిరియాలలో ఉన్నదీ అదే పదార్థం. నాలుగు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి చిన్న గిన్నెలో వేసి, గ్లాసునూ గిన్నెనూ మార్చి మార్చి వాసన చూస్తే ఆ పోలిక తెలుస్తుంది. తెలియకపోతే నిరాశపడనవసరం లేదు. ఐదుగురిలో దాదాపు ఒకరు ఈ పదార్థాన్ని అసలు పసిగట్టలేరని ఆ పరిశోధనలోనే తేలింది. ఓక్ చెక్క పీపాలో ఉంచిన వైన్‌లో లవంగం వాసన వస్తే అందుకు కారణం యూజినాల్, లవంగానికి దాని వాసన ఇచ్చేది కూడా అదే. ధనియాలను నలిపినప్పుడు వచ్చే పూల వంటి పరిమళంలో ప్రధానమైన లినలూల్ మస్కట్ ద్రాక్షలోనూ ఉంటుంది. షార్డనే ద్రాక్షతో చేసిన కొన్ని వైట్ వైన్లలో తగిలే వెన్న వాసనకు, మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మార్చే క్రమంలో పుట్టే డయాసెటిల్ కారణం. ఇతర ద్రాక్ష రకాలకు వస్తే, సావిన్యో బ్లాంక్‌లో జామపండు, కాబర్నే సావిన్యోలో పచ్చి క్యాప్సికం, గెవర్జ్‌ట్రమీనర్‌లో లిచీ, గులాబీ వెతకండి. వారానికి ఒక డబ్బా మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూసి పేరు చెప్పే అలవాటు చేసుకుంటే, వైన్ లేని రోజుల్లో కూడా అభ్యాసం సాగుతుంది.

నోట్లోకి తీసుకునేటప్పుడు చెంచాడు కంటే కాస్త ఎక్కువ పరిమాణం సరిపోతుంది. దాన్ని నోరంతా తిప్పి, పెదవుల మధ్య నుంచి కొద్దిగా గాలి లోపలికి పీల్చి, ఐదారు సెకన్ల తరువాత మింగాలి లేదా ఉమ్మివేయాలి. ఉమ్మివేయడం మర్యాద తక్కువ పని అని మనవారు మొహమాటపడతారు గాని, వృత్తిగా రుచి చూసేవారంతా చేసేది అదే. ఒక పూటలో రెండు మూడు వైన్లను పోల్చదలచినవారు పక్కన ఒక గిన్నె పెట్టుకుని తీరాలి. లేకపోతే మూడో గ్లాసు గురించి రాసిన మాటలు నమ్మదగినవి కావు.

నోటి అనుభవాన్ని ప్రతిసారీ ఒకే వరుసలో పరిశీలించాలి. మొదట తీపి. పండు వాసన గట్టిగా ఉన్న వైన్ తియ్యగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది కనుక, ముక్కు మూసుకుని ఒక గుక్క తీసుకుంటే నిజంగా చక్కెర మిగిలి ఉందో లేదో తేలిపోతుంది. తరువాత పులుపు. మింగాక తల కొద్దిగా వంచి, నోట్లో ఎంత వేగంగా నీరూరుతోందో గమనించాలి, ఎక్కువ ఊరితే పులుపు ఎక్కువ. ఆ తరువాత వగరు. ద్రాక్ష తొక్కలోని, గింజలలోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం పట్టేసినట్టవుతాయి. ఉగాది పచ్చడి తినే ఇంట్లో పెరిగినవారికి ఈ అనుభూతిని ఎవరూ వివరించనక్కరలేదు. అయితే వగరునూ చేదునూ కలిపేయకూడదు: చేదు రుచి, వగరు స్పర్శ. వగరు ఉందని రాసి ఊరుకోక, అది పచ్చి అరటికాయలా గరుకుగా ఉందా, మెత్తని పొడిలా ఉందా అన్నది కూడా రాయాలి. గొంతులో ఆల్కహాల్ వేడి, నోట్లో బరువు చూశాక, చివరగా రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టాలి. ఈ అంకె వేయడం మానకూడదు, మంచి వైన్‌నూ మామూలు వైన్‌నూ విడదీయడంలో నిలకడను మించిన ఆనవాలు లేదు.

చెడిపోయిన వైన్‌ను వైన్ తత్వంగా పొరబడకుండా ఉండాలంటే నాలుగు వాసనలు తెలిసి ఉండాలి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్కు ద్వారా టీసీఏ అనే పదార్థం చేరిందని అర్థం. లీటరుకు కొన్ని నానోగ్రాములు ఉన్నా పసిగట్టవచ్చు, ఎంతసేపు గాలికి ఉంచినా పోదు. గోళ్ల రంగు వాసనా వెనిగర్ ఘాటూ బ్యాక్టీరియా పని. కుళ్లిన గుడ్డు వాసన గంధక సమ్మేళనాలది, గ్లాసును బాగా తిప్పితే తరచుగా తగ్గిపోతుంది. కోసి వదిలేసిన యాపిల్ వాసన గాలి తగిలి పాడైనదానికి గుర్తు. మన ప్రాంతంలో ఇంకొక ప్రమాదం ఎండ. ఏసీ లేని దుకాణంలో కిటికీ పక్కన నెలల తరబడి నిలబెట్టిన సీసా ఎంత పేరున్నదైనా కొనకపోవడమే మంచిది. కార్కు పైకి ఉబికి ఉంటే ఆ సీసా వేడికి గురై ఉండే అవకాశం ఎక్కువ.

కళ్లు ముక్కును ఎంతగా మోసగించగలవో 2001లో వెలువడిన ఒక ఫ్రెంచ్ అధ్యయనం చూపించింది. బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకు వాసన లేని ఎర్రరంగు కలిపిన వైట్ వైన్ ఇస్తే, వారు దాని వాసనను రెడ్ వైన్లకు వాడే మాటలతోనే వర్ణించారు. లేబుల్ చూశాక ధర కూడా మన తీర్పులో కలిసిపోతుంది. కనుక వీలైనప్పుడల్లా సీసాకు పాత కాగితం చుట్టి, ఇంట్లో ఇంకొకరిచేత పోయించుకోవాలి. మరింత కఠినమైన పరీక్ష కావాలంటే మూడు గ్లాసులలో రెండింట ఒకే వైన్, మూడోదానిలో వేరే వైన్ పోయించుకుని, వేరుగా ఉన్నది ఏదో చెప్పడానికి ప్రయత్నించాలి. ఇది చూడడానికి సులభంగా అనిపిస్తుంది గాని, ఒకే ద్రాక్షతో చేసిన రెండు వైన్లతో ప్రయత్నిస్తే ఎంత గర్వమైనా దిగిపోతుంది.

750 మిల్లీలీటర్ల సీసాను ఒక్క రాత్రిలో ముగించడం రుచిని నేర్చుకునే మార్గం కాదు. తెరిచిన రోజునే సగం వైన్‌ను శుభ్రమైన చిన్న సీసాలోకి అంచుదాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచాలి. మరునాడు, ఆ మరునాడు కొంచెం కొంచెం తీసి, మొదటి రోజు రాసినదాని కిందనే రాసుకోవాలి. బిగుసుకుని ఉన్న రెడ్ వైన్ రెండో రోజున వగరు కాస్త సడలి, దాగిన వాసనలు బయటపెట్టవచ్చు. పలుచని వైన్ ఆ పాటికి నీరసించిపోతుంది. ఒకే సీసా మీద మూడు రోజుల రాతలు, మూడు వేర్వేరు సీసాల మీద ఒక్కొక్క రాత కంటే ఎక్కువ నేర్పుతాయి.

రాత ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చూద్దాం. నాసిక్ ప్రాంతంలో తీగలను ఏటా రెండుసార్లు కత్తిరించి, చలికాలంలో కాయలు పండేలా చేసి, జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు. అక్కడ షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ ద్రాక్ష విస్తారంగా పండుతుంది, అక్కడి వైన్ తయారీ సంస్థ సులా 2000లో తొలి వైన్లు చేసినప్పుడు ఎంచుకున్న రకాలలో అదీ ఒకటి. అలాంటి ఒక సీసా గురించి 'చల్లగా, తియ్యగా, వేసవికి బాగుంది' అని రాస్తే ఏమీ మిగలదు. అదే 'లేత గడ్డిరంగు. దోరజామ, అనాస, వెనుక కొద్దిగా తేనె. తీపి స్పష్టం, ముక్కు మూసుకున్నా తెలిసింది. పులుపు మధ్యస్థం, తీపికి కొంచెం చాలలేదు. వగరు లేదు. బరువు తక్కువ. ఏడు సెకన్లు. రెండో రోజు అనాస పోయింది, తేనె మిగిలింది' అని రాస్తే, మరొక షెనిన్‌ను దాని పక్కన పెట్టి కొలవవచ్చు. నచ్చిందో లేదో ఆఖరి వాక్యంగా వేరుగా రాయాలి, ముందుగా రాస్తే తక్కిన మాటలన్నీ దాని వెంట పోతాయి. అమెరికా వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ వ్యాప్తిలోకి తెచ్చిన నూటికి ఇన్ని మార్కుల పద్ధతి దుకాణాలకు ఉపయోగపడి ఉండవచ్చు గాని, సొంత పుస్తకంలో 88కీ 89కీ తేడా ఏమిటో ఎవరూ చెప్పలేరు. మళ్లీ కొంటానా, ఎంత ధరకు కొంటాను అని రాసుకోవడం అంతకంటే నిజాయితీగా ఉంటుంది.

భోజనంతో కలిపి తాగినప్పటి సంగతులను ఈ రాతల్లో కలపకుండా వెనుక పేజీల్లో రాసుకోవాలి, ఎందుకంటే మన వంట వైన్‌ను పూర్తిగా మార్చేస్తుంది. కారం ఆల్కహాల్ మంటనూ వగరునూ పెంచుతుంది. అందువల్ల గుంటూరు మిర్చి వేసిన కోడి కూర పక్కన బలమైన కాబర్నే పెట్టడం రెండింటికీ అన్యాయమే, కాస్త తీపి మిగిలిన చల్లని వైట్ వైన్ అక్కడ బాగా నిలబడుతుంది. గోంగూర వంటి పుల్లని కూర వైన్‌లోని పులుపును తగ్గించి చూపుతుంది కనుక, స్వతహాగా పులుపు తక్కువ ఉన్న వైన్ దాని ముందు చప్పబడిపోతుంది. అక్కడ సావిన్యో బ్లాంక్ నయం. ఉప్పూ కొవ్వూ ఉన్న వేపుళ్లు, వేయించిన మాంసం వగరును మెత్తబరుస్తాయి కాబట్టి షిరాజ్‌ను వాటికి అట్టిపెట్టుకోవచ్చు. ఆవకాయకు మాత్రం ఏ వైన్ జోడీ అని నన్ను అడిగితే, పెరుగన్నం అనే చెబుతాను.