నొప్పి మందు మొదలయ్యాక కుక్క తిన్నది వెనక్కి వస్తోందా?

సమస్య: కార్ప్రోఫెన్, మెలాక్సికామ్ వంటి వాపు తగ్గించే మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకు కుక్క తిన్నది బయటికి వస్తుంది, మందే అన్నవాహిక కండరాలను చచ్చుబరిచిందని యజమాని తీర్మానిస్తాడు.

ముందుగా అది వాంతా, కాదా అన్నది తేల్చండి. దాదాపు అందరూ దాటవేసే పరీక్ష ఇదే. పొట్ట ఎగదన్ని, ఓకరించి, పసుపు పైత్యంతో వస్తే వాంతి. తల వంచగానే ఏ ప్రయాసా లేకుండా అరగని ఆహారం జారిపడితే అది అన్నవాహిక నుంచి వచ్చినట్టు. వీడియో తీసి వైద్యుడికి చూపండి.

వాంతి అయితే మందును అనుమానించడం సబబే. పొట్ట లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు ఈ మందు వల్ల తగ్గడంతో ఆ పొర రక్షణ కోల్పోతుంది. తదుపరి మోతాదు ఆపి వైద్యుణ్ణి అడగండి. నల్లటి మలం కనిపిస్తే అదే రోజు తీసుకెళ్లండి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో కలిపి ఈ మందులు ఇవ్వకూడదు.

అన్నవాహిక నుంచి వస్తుంటే, మందు శస్త్రచికిత్స రోజునే మొదలైందా అని చూడండి. నన్ను పదేపదే ఇబ్బంది పెట్టిన కారణం ఇక్కడే దాగి ఉంటుంది. మత్తులో అన్నవాహిక కింది కవాటం సడలి, ఆమ్లం పైకి వచ్చి అక్కడే నిలిచి పొరను కాలుస్తుంది. వాచిన కవాటం ఇంకా వదులై మరింత ఆమ్లాన్ని పైకి వదులుతుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో మచ్చకట్టి దారి ఇరుకు కావచ్చు. మందూ మత్తూ ఒకే రోజువి కనుక నింద మందు మీద పడుతుంది, మందు ఆపి ఎదురుచూసేలోగా మచ్చ బిగుసుకుంటుంది. నీళ్లు, జావ దిగుతూ గట్టి ఆహారం మాత్రమే వెనక్కి వస్తుంటే ఇరుకును అనుమానించాలి. మామూలు ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు. బేరియం ద్రవం మింగించి తీసే ఎక్స్‌రే గానీ ఎండోస్కోపీ గానీ అడగండి. తొలిదశలో ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్, పుండుపై పూతలా పనిచేసే సుక్రాల్ఫేట్ నీటిలో కరిగించి ఇస్తారు, ఇరుకైతే బెలూన్‌తో వెడల్పు చేస్తారు, అదీ తరచుగా ఒకటికంటే ఎక్కువసార్లు. కుక్క అన్నవాహిక పొడవునా ఉన్నది అస్థికండరమే (కాళ్లను కదిలించే రకం) కాబట్టి, నునుపు కండరంపై (పేగు గోడల్లో ఉండే రకం) పనిచేసే వాంతుల మందు మెటోక్లోప్రమైడ్ దానికి కదలిక తెప్పించదు.

శస్త్రచికిత్స జరగకపోతే, పొడిగా మింగించిన మాత్ర, ముఖ్యంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, గొంతు దిగాక అంటుకుపోయిందేమో ఆలోచించండి. ఇకపై మాత్ర వెంటనే నీరో, మెత్తటి ముద్దో ఇవ్వండి.

మయస్థీనియా గ్రావిస్ (నరాల సంకేతం కండరాలకు సరిగా అందని వ్యాధి), అడిసన్ వ్యాధి (అడ్రినల్ గ్రంథుల హార్మోన్ల లోపం) కూడా కారణం కావచ్చు, కానీ అవి అరుదు. ఎక్స్‌రేలో అన్నవాహిక ఉబ్బి కనిపిస్తే రక్తపరీక్షలు వాటి సంగతి తేలుస్తాయి. దగ్గు, జ్వరం, ఆయాసం తోడైతే ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉండవచ్చు కనుక, కారణం తేలేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.