సబ్బు ద్రావణం తలతన్యత నిలకడగా రావడం లేదా? పీహెచ్ చూడండి

సర్ఫాక్టెంట్ (సబ్బులాగా తలతన్యతను తగ్గించే పదార్థం) జోలికి వెళ్లేముందు ఉత్త నీటి తలతన్యతను కొలవండి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మీటరుకు 72 మిల్లీన్యూటన్లు రావాలి. బాగా తక్కువ వస్తే తప్పు పీహెచ్‌ది కాదు, గిన్నెదో, తలతన్యత కొలిచే ప్లాటినం పలకదో. పలకను కడిగి, మంటలో ఎర్రగా కాల్చి మళ్లీ చూడండి.

సమస్య: సోడియం లారేట్ (ఒక సబ్బు) రీడింగ్ గంటగంటకూ పడిపోతోంది, ద్రావణం లేత పాలరంగుకు తిరుగుతోంది

కారణం: గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి పీహెచ్‌ను దించుతుంది, కొంత సబ్బు లారిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ ఆమ్లం పీకేఏ (సగం ఆమ్లం అయాన్లుగా మారే పీహెచ్) దాదాపు 5 కదా, పీహెచ్ 8లో భయమేముంది అనుకోవడమే అసలు పొరపాటు. ఉపరితలంపై చేరిన లారేట్ అయాన్లకు రుణావేశం ఉంటుంది. అవి హైడ్రోజన్ అయాన్లను దగ్గరకు లాక్కుంటాయి కాబట్టి అక్కడి పీహెచ్ లోపలి ద్రావణం కన్నా తక్కువ. పీహెచ్ మీటరు చూపేది లోపలిదే. పైన ఆమ్లం, సబ్బు పక్కపక్కన చేరితే తలల (అణువుల్లో ఆవేశముండే కొసల) మధ్య వికర్షణ తగ్గి, అణువులు ఇంకా ఒత్తుగా సర్దుకుంటాయి. అధిశోషణం (ఉపరితలంపై అణువులు చేరడం) పెరుగుతుంది, తలతన్యత పడుతుంది.

పరిష్కారం: స్వేదనజలాన్ని 10 నిమిషాలు మరగబెట్టి, మూతపెట్టి చల్లార్చండి. ఆ నీటితో 0.001 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ తయారుచేసి, సబ్బును అందులోనే కరిగించండి. పీహెచ్ 11 దగ్గర ఉంటుంది. పలుచన చేయడానికీ ఇదే వాడండి. ఉత్త నీరు పోస్తే గాఢతతో పాటు పీహెచ్ కూడా మారి, ఏది దేని ప్రభావమో తేలదు. సీసాకు మూత బిగించి, చేసిన రోజే కొలవండి.

సమస్య: పలుచని సర్ఫాక్టెంట్ సోడియం డోడెసైల్ సల్ఫేట్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయగానే తలతన్యత తగ్గింది

దీన్ని పీహెచ్ ఖాతాలో రాసేయకండి. ఈ సల్ఫేట్ తల మామూలు ఆమ్లతలో ప్రోటాన్ తీసుకోదు. ఆమ్లంతో వచ్చిన అయాన్లు ఉప్పులాగే తలల వికర్షణను కప్పేశాయి. అదే గాఢతలో సోడియం క్లోరైడ్ వేసి పోల్చండి, తగ్గుదల ఇంచుమించు అంతే ఉంటుంది.

కానీ ఆమ్ల ద్రావణాన్ని రోజుల తరబడి ఉంచితే కథ వేరు. సల్ఫేట్ జలవిశ్లేషణ చెంది డోడెకనాల్ విడుదలవుతుంది. గాఢతను బట్టి తలతన్యత చూపే గ్రాఫులో 8 మిల్లీమోలార్ దగ్గర గుంట కనిపిస్తే అనుమానం డోడెకనాల్ మీదే. పొడిని ఇథనాల్‌లో పునఃస్ఫటికీకరించి, ద్రావణం తాజాగా చేసుకోండి.

సమస్య: పీహెచ్ కొలిచాక అదే డోడెసైల్ సల్ఫేట్ ద్రావణం మబ్బుగా మారింది

ఎలక్ట్రోడ్ నుంచి కారిన పొటాషియం క్లోరైడ్ పని ఇది. పొటాషియం డోడెసైల్ సల్ఫేట్ 25 డిగ్రీల వద్ద సరిగా కరగదు. పీహెచ్ కోసం వేరే గ్లాసులో కొంత ద్రావణం తీసి కొలిచి, దాన్ని పారబోయండి. పొటాషియం ఫాస్ఫేట్ బఫర్‌కు బదులు సోడియం ఫాస్ఫేట్ వాడండి.