విమానాల మోతకు జడిసి గాలి దారి మూయకండి

మాకు తెలిసిన కుర్రవాడొకడు పోయిన నెల విమానాశ్రయం పక్కనే ఒక స్టూడియో గదిలో దిగాడు. పడక, పొయ్యి, స్నానాల గది అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే. నెత్తిమీదుగా విమానాలు పోతుంటే నిద్ర పట్టలేదు. కిటికీ బిగించాడు, తలుపు కింద తువ్వాలు దోపాడు, స్నానాల గది వెంటిలేటరులో దిండు కుక్కాడు. తెల్లవారి గ్యాస్ గీజర్ వెలిగించి స్నానానికి వెళ్లినవాడు అక్కడే కూలిపోయాడు. గది శుభ్రం చేసే ఆవిడ ఎంత తట్టినా పలకకపోవడంతో తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది కాబట్టి బతికాడు.

ఇలాంటి గదుల్లో దిగేవారికి తాళం వేసుకోండి, పాస్‌పోర్టు జాగ్రత్త అని నేను చెప్పను, అవి ఎవరికైనా తెలిసినవే. చెప్పేది ఒక్కటే: మోత ఆపడానికి గాలి దారి మూయకండి. ఇలా చేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారిని చూడడం నాకిది మూడోసారి.

మూసిన చిన్న గదిలో గ్యాస్ మండుతుంటే ప్రాణవాయువు తరిగిపోతుంది, మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ‘గ్యాస్ అయితే వాసన వస్తుంది కదా’ అంటారు. ఆ వాసన మండని గ్యాస్‌కు కావాలని కలిపినది. మండగా పుట్టిన ఈ విషానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బయటపడి మంచి గాలి పీల్చినా, ఎక్కిన విషంలో సగం దిగడానికే 4, 5 గంటలు పడుతుంది.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, మగత దీని లక్షణాలు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చినవారికి ఇవి ఎలాగూ ఉంటాయి! అందుకే ఒంట్లోకి విషం ఎక్కుతున్నా బడలిక అనుకుని దుప్పటి కప్పుకుంటారు. బయట కాసేపు తిరిగితే తేలికపడి, గదిలోకి రాగానే మళ్లీ తల పట్టేస్తోందా? అది బడలిక కాదు. గదిలో ఇద్దరుంటే, ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి వచ్చినా అనుమానించండి. వెంటనే గ్యాస్ ఆపి, తలుపు తీసి, బయటికి నడవండి. గదిలో గ్యాస్ వాడామని డాక్టరుకు మీరే చెప్పండి. వేలికి తొడిగే ఆక్సీమీటరు ఈ విషాన్ని గుర్తించలేదు, అంకె మామూలుగానే చూపిస్తుంది.

గది బుక్ చేసేటప్పుడే గీజర్ గ్యాస్‌దా, కరెంటుదా అని అడగండి. గ్యాస్‌దైతే పొగ గొట్టం గోడ బయటికి పోతోందో లేదో కళ్లతో చూడండి. మంట నీలంగా ఉండాలి. పసుపుగా ఊగుతున్నా, చుట్టూ మసి పట్టినా ముట్టుకోవద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందన్న ధీమా కూడా పనికిరాదు. అన్నీ బిగించి ఫ్యాన్ వేస్తే, గాలి రావడానికి మరో దారి లేక బయటికి పోవలసిన పొగ గొట్టంలోంచి వెనక్కి రావచ్చు.

మరి నిద్ర ఎలా? రన్‌వేకు అవతలి వైపు గది అడగండి. ఇయర్ ప్లగ్గులు పెట్టుకోండి, కానీ ఒంటరిగా ఉంటే ఒక చెవికే. పొగ అలారం మోత 3 మీటర్ల దూరంలో సుమారు 85 డెసిబెల్లు. రెండు చెవులూ మూసుకుని గాఢనిద్రలో ఉన్నవారిని అది లేపుతుందన్న నమ్మకం లేదు.

ఇంకా కొన్ని. కరెంటు పొయ్యి మీద సూట్‌కేసు పెట్టకండి. గదిలో చదునైన చోటు అదొక్కటేనని అందరూ అక్కడే పెడతారు, మోకాలు తగిలినా మీట తిరుగుతుంది. పొయ్యి మీద ఏదైనా ఉండగా నడుం వాల్చకండి. ఇలాంటి గదుల్లో పొయ్యి చాలాసార్లు తలుపు పక్కనే ఉంటుంది, మంట లేస్తే మీరు పారిపోవలసింది దాని పక్కనుంచే. పొయ్యి వెలిగించి గది వెచ్చచేసుకోకండి. అలారానికి ప్లాస్టిక్ కవరు తొడగకండి. పవర్ బ్యాంకును పరుపు మీద ఛార్జింగ్‌కు పెట్టకండి. తలుపు కోడ్ కాగితం మీద కూడా రాసుకోండి. గ్యాస్ గీజర్‌తో బకెట్టు నింపుకుని, ఆపేసి, అప్పుడు స్నానం చేయండి. వెంటిలేటరు తెరిచే ఉంచండి. మోత వస్తుందా? రానివ్వండి. ఇది చదువుతున్న గదిలోనే ఎక్కడైనా గుడ్డ కుక్కి ఉంటే, ముందు లేచి దాన్ని లాగేయండి.