ప్యానెల్ వెలుగుతోంది, పిల్లలు మాత్రం పలకట్లేదా?

హైస్కూల్లో డిజిటల్ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) మీద భౌతికశాస్త్రం చెబుతూ నేను ఎదుర్కొన్న ఇబ్బందులివి. ఉదాహరణలన్నీ విద్యుత్ పాఠంలోవే.

సమస్య: వీడియో కళ్లార్పకుండా చూశారు. తర్వాత ప్రశ్న అడిగితే ఒక్కరూ నోరు విప్పరు.

కారణం: ప్రశ్న, జవాబు రెండూ వీడియోనే చెప్పేసింది. పిల్లలకు చేయడానికి పనేమీ మిగల్లేదు.

పరిష్కారం: వీడియో ఆపి, ఫెట్ (PhET) సిమ్యులేషన్ పెట్టండి, అంటే తెర మీదే ప్రయోగం చేసి చూసే ప్రోగ్రామ్. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ప్రాజెక్టు ఇది, ఉచితం. అందులో సర్క్యూట్ కిట్ తెరిచి, బ్యాటరీకి మూడు బల్బులు శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి, కలపండి. స్విచ్ వేసి, అక్కడ ఆగండి. "మధ్య బల్బు తీసేస్తే మిగతా రెండూ ఏమవుతాయి?" జవాబు, ఎందుకో ఒక వాక్యం, నోట్సులో రాయాలి. అందరూ రాశాకే ఒకరిని పిలిచి బల్బు తీయించండి.

మా క్లాసులో చాలామంది "ఇంకా ఎక్కువ వెలుగుతాయి" అని రాశారు. కరెంటు పంచుకునేవాళ్లు తగ్గారు కదా అని వాళ్ల లెక్క. బల్బు తీయగానే రెండూ ఆరిపోయాయి. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి, "దారి తెగిపోయింది సార్!" అని అరిచింది. ఆ రోజు శ్రేణి సంధానం గురించి నేను వేరే చెప్పాల్సిన అవసరం రాలేదు. వెంటనే బల్బుల్ని సమాంతరంగా, అంటే ఒక్కోదానికి వేరే దారి ఉండేలా, కలిపి అదే ప్రశ్న మళ్లీ అడిగాను.

సమస్య: క్విజ్ పెడితే ఎప్పుడూ ఆ ఐదుగురే చెబుతారు.

కారణం: మిగతావాళ్లకు తప్పు చెబితే నవ్వుతారని భయం. పైగా బడిలో పిల్లల దగ్గర ఫోన్లుండవు.

పరిష్కారం: ప్లికర్స్ కార్డులు. టీచరు ఫోన్‌లో ప్లికర్స్ యాప్ ఒక్కటి ఉంటే చాలు. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు కార్డు ఇస్తాం. మధ్యలో నలుపు తెలుపు గళ్ల ఆకారం, నాలుగు వైపులా ఎ, బి, సి, డి. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకుంటే, ఫోన్ కెమెరా వరసగా చదివేస్తుంది. అక్షరాలు చిన్నవి, ఒక్కో కార్డు ఆకారం ఒక్కో రకం. కాబట్టి పక్కవాళ్లని చూసి తిప్పడం కుదరదు. తెర మీద ఎంతమంది ఏ జవాబు ఇచ్చారో చూపండి, పేర్లు మాత్రం వద్దు. నోరు మెదపని పిల్లల మనసులో ఏముందో నాకు తెలిసింది ఈ కార్డులతోనే.

కార్డు స్కాన్ కాకపోతే వేలు గళ్ల మీద పడిందేమో చూడండి. లామినేషన్ చేయిస్తే లైటు పడి మెరుస్తుంది, కెమెరాకి కనపడదు. మందపాటి మామూలు కాగితం మీద ప్రింట్ తీస్తే ఆ టెన్షన్ ఉండదు.

సమస్య: పాఠం మధ్యలో నెట్ పోయింది.

పరిష్కారం: ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి. ఫెట్ సిమ్యులేషన్లు దించుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడుస్తాయి.

సమస్య: ప్యానెల్ మీద ఒకచోట తాకితే ఇంకోచోట గీత పడుతోంది.

కారణం: చాలా ప్యానెళ్లు అంచుల్లోంచి వచ్చే పరారుణ కిరణాలతో స్పర్శను గుర్తిస్తాయి. పక్కనే నల్లబల్ల ఉంటే సుద్దపొడి ఆ అంచుల్లో చేరి కిరణాలకు అడ్డం పడుతుంది.

పరిష్కారం: ప్యానెల్ ఆపి, పొడి మెత్తని గుడ్డతో నాలుగు అంచులూ తుడవండి, ముఖ్యంగా కింది అంచు. తర్వాత మళ్లీ ఆన్ చేసి, నాలుగు మూలలా గీత గీసి చూడండి.