టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ ఫౌల్‌ను మనమే తేల్చుకోవడం ఎలా

అనంతపురంలో సాయంత్రాలు పిల్లల ఆటకు రెఫరీగా నిలబడే నాకు ఎక్కువగా వినిపించే మాట "బాల్‌కే తగిలింది కదా సార్!" అన్నదే. మొన్న ఒక పిల్లవాడు జారుతూ వచ్చి బూటు కొనతో బంతిని పక్కకు నెట్టాడు. అదే ఊపులో బూటు అడుగు ఎదుటివాడి చీలమండపై దిగడంతో ఇద్దరూ ఎర్రమట్టిలో దొర్లారు. నేను ఈల వేయగానే, "వాని కాలికి తర్వాతే కదా సార్ తగిలింది, టీవీలో అట్లే చెప్పినారు" అని వాడు ఎంతో నమ్మకంగా వాదించాడు.

తప్పు వాడిది కాదు. ఆట నియమాలను రూపొందించే అంతర్జాతీయ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు 1886లోనే ఏర్పడింది. ఫౌళ్ల గురించి చెప్పేది ఆ నియమాలలో 12వది. బంతి ముందు తగిలితే ఫౌల్ కాదన్న మాట అందులో ఎక్కడా లేదు. కాబట్టి రీప్లే వచ్చినప్పుడు టీవీ శబ్దం తగ్గించి, బంతి తగిలిన తర్వాత ఆ కాలు ఎక్కడికి, ఎంత వేగంతో వెళ్లిందో చూడండి. అజాగ్రత్తగా పడితే ఫ్రీ కిక్‌తో సరిపోతుంది, ఎదుటివాడికి జరగబోయే ప్రమాదాన్ని లెక్కచేయకుండా పడితే హెచ్చరికగా ఎల్లో కార్డు, మితిమీరిన బలంతో పడితే ఆట నుంచి బయటికి పంపే రెడ్ కార్డు.

"కావాలని చేయలేదు" అన్న వాదన కూడా ఇక్కడ చెల్లదు. 2010 ప్రపంచకప్ ఫైనల్‌లో గాలిలో ఉన్న బంతి కోసం లేచిన నెదర్లాండ్స్ ఆటగాడు డి యాంగ్ బూటు స్పెయిన్ ఆటగాడు అలోన్సో ఛాతీకి బలంగా తగిలింది. రెఫరీ హోవార్డ్ వెబ్ ఎల్లో కార్డుతో సరిపెట్టి, అది రెడ్ కార్డు ఇవ్వవలసిన తప్పేనని తర్వాత తానే ఒప్పుకున్నారు. ఉద్దేశం ప్రసక్తి ప్రధానంగా వచ్చేది బంతి చేతికి తగిలినప్పుడు; అక్కడ కూడా, అసహజంగా చాచిన చేయి శరీరాన్ని వెడల్పు చేసి బంతిని అడ్డుకుంటే, కావాలని చేయకపోయినా అది తప్పే.

వ్యాఖ్యాతలు అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది "చివరి డిఫెండర్ కాబట్టి రెడ్ కార్డే" అనేటప్పుడు. చివరి మనిషి అన్న మాటే నియమంలో లేదు; స్పష్టమైన గోల్ అవకాశాన్ని ఫౌల్‌తో పోగొట్టాడా అన్నదే అక్కడ ప్రశ్న. దాన్ని తేల్చడానికి, గోల్ ఎంత దూరంలో ఉంది, ఆట ఏ దిశలో సాగుతోంది, బంతి దాడి చేసేవాడి అదుపులో ఉండే అవకాశం ఎంత, మిగిలిన డిఫెండర్లు ఎందరు, ఎక్కడున్నారు అన్న నాలుగింటినీ రెఫరీ కలిపి చూడాలి. పక్కన ఇంకొక డిఫెండర్ ఉన్నా, అతడు అందుకోలేనంత దూరంలో ఉంటే రెడ్ కార్డు రావచ్చు. చివరివాడే పడగొట్టినా, బంతి మూల జెండా వైపు దొర్లిపోతూ ఉంటే రాకపోవచ్చు. పైగా 2016 నుంచి, పెనాల్టీ బాక్స్‌లో బంతి కోసమే ప్రయత్నించి గోల్ అవకాశాన్ని పోగొట్టినవాడికి పెనాల్టీతో పాటు ఎల్లో కార్డే ఇస్తారు. చొక్కా పట్టి లాగినా, చేత్తో తోసినా మాత్రం రెడ్ కార్డు తప్పదు.

"తాకనే లేదు" అన్నప్పుడు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: తన్నడానికి, కాలు అడ్డుపెట్టి పడేయడానికి ప్రయత్నించడం కూడా ఫౌలే.

మరుసటి రోజు ఆ పిల్లవాడికి అదే ట్యాకిల్‌ను నెమ్మదిగా చేయించి, బంతిని నెట్టగానే మోకాలు మడిచి కాలు వెనక్కి తీసుకోవడం నేర్పాను.